దోషస్మారణము: యోసేపు కథయందలి యొక క్రియాపద విచారము

యూదుల ధర్మగ్రంథమున మొదటిదైన ఆదికాండమునందు 37వ యధ్యాయము మొదలుకొని 50వ యధ్యాయము వఱకు యోసేపు కథ వ్యాపించియున్నది. నడుమ నున్న 38వ యధ్యాయము మాత్రము యోసేపు నన్నలలో నొకఁడగు యూదాను గూర్చినది. ఈ కథను మన పండితులలోఁ బెక్కండ్రు వినియే యుందురు. కలలు గన్న బాలుఁడు, అసూయాగ్రస్తులైన సోదరులు, గోతిలోఁ ద్రోయుట, బానిసగా నమ్ముట, చెఱసాల, ఫరో స్వప్నములు, క్షామము, సోదరుల సమాగమము - ఇది కథాశరీరము. నేనీ వ్యాసమునఁ జెప్పఁబూనినది కథనంతయుఁ గాదు. అందొక యప్రధానపాత్రము నోట వెలువడిన యొక వాక్యమును, ఆ వాక్యమందలి యొక క్రియాపదమును బట్టుకొని, దోషమును దలఁచుకొనుటకును దోషమును జెప్పుకొనుటకును నా గ్రంథకర్త యెట్టి సంబంధమును జూచెనో పరిశీలింపఁదలఁచితిని. వైయాకరణుఁడు కథను జదివిన నింతియే యగునని కొందఱు నవ్వవచ్చును. కాని యీ కథలో ననేకార్థము లొక ప్రత్యయముమీఁద నిలిచియున్నవని నా నమ్మకము.

ఐగుప్తు దేశమున ఫరోకుఁ గోపము వచ్చి తన పానదాయకుల యధిపతిని, భక్ష్యకారుల యధిపతిని జెఱసాలలో నుంచెను. వీరి పేళ్లు గ్రంథమునఁ జెప్పఁబడలేదు. ఆ ఫరో పేరును జెప్పఁబడలేదు. వీరి తప్పేమో యదియుఁ జెప్పఁబడలేదు; తప్పు చేసిరని మాత్రమే యున్నది. పోతీఫరు భార్య మోపిన నిందవలన యోసేపు నదే చెఱసాలలో నుండెను. ఒక రాత్రి యీ యధికారు లిరువురును గలలు గనఁగా యోసేపు వానికి ఫలము చెప్పెను: మూఁడు దినములలోఁ బానదాయకునకు మరల నుద్యోగము, భక్ష్యకారునకు వధ. పానదాయకునకు ఫలము చెప్పిన పిదప యోసేపు వానిని రెండు కోర్కులు కోరెను. మేలు కలిగినపుడు తన్నుఁ దలఁచుకొనుమనుట యొకటి, ఫరోకుఁ దన్నుఁ దలఁపింపుమనుట రెండవది. ఈ రెండు క్రియలకును ధాతువొక్కటియే యనుట పాఠకులు మనసున నుంచుకొనవలెను.

మూఁడవ దినము ఫరో జన్మదినము. రెండు ఫలములును యోసేపు చెప్పినట్లే జరిగెను. అంతట గ్రంథకర్త యధ్యాయమును ముగించుచు, పానదాయకుఁడు యోసేపును దలఁపలేదనియు, మఱచెననియు రెండు మాటలు చెప్పుచున్నాఁడు. తలఁపకుండుటయు మఱచుటయు నొక్కటియే కదా, పునరుక్తి యేల యని మన వ్యాఖ్యాతలవలెనే వారి వ్యాఖ్యాతలును శంకించిరి. ఫ్రాన్సు దేశమున వెలసిన రాషీ (1040-1105) మొదటి మాట విడుదలయైన యా దినమునకును, రెండవ మాట తరువాతి కాలమునకును జెల్లునని సమాధానము చెప్పెను. సమాధానము చక్కనిది. మఱపు తనంతఁ దాను వచ్చునది; దానికి ముందు తలఁపఁదగిన దినమునఁ దలఁపకపోవుట యను దోషము వేఱుగా నున్నది.

రెండేండ్లు గడచెను. ఫరో కలలు గనెను. ఐగుప్తు దేశపు శకునగాండ్రును విద్వాంసులును ఫలము చెప్పలేకపోయిరి. అప్పుడు పానదాయకుఁడు నోరు విప్పెను. 41వ యధ్యాయము తొమ్మిదవ వచనమందలి వాని మొదటి వాక్యమున మూఁడు ముఖ్యపదము లున్నవి: 'నా తప్పులు' అను కర్మపదము, 'నేఁడు' అను కాలవాచకము, 'మజ్కీర్' అను క్రియ. ఈ క్రియయే మన విషయము.

హీబ్రూ వైయాకరణులు ధాతువు సాధారణముగ మూఁడు హల్లులతోఁ గూడియుండునని చెప్పుదురు. ఆ ధాతువునుండి పుట్టు రూపగణములకు 'బిన్యాన్', అనఁగాఁ గట్టడము, అని పేరు. అవి సామాన్యముగ నేడు. జ్, ఖ్, ర్ అను హల్లులు గల ధాతువునకు మొదటి గణమున 'జాఖర్' అని రూపము, తలఁచెనని యర్థము. 'హిఫీల్' అను గణమున 'హిజ్కీర్' అని రూపము, తలఁపించెనని యర్థము. హిఫీల్ గణము మన ణిజంతమునకు దగ్గఱి చుట్టము. స్మరతి, స్మారయతి యనునట్టిదే జాఖర్, హిజ్కీర్ అను భేదము. 'మజ్కీర్' అనునది యీ హిఫీల్ గణమునకు శత్రంతమువంటి రూపము: తలఁపించుచున్నవాఁడు. ఇచ్చట నొక విశేషము గలదు. సంస్కృతమున స్మృధాతు వాధ్యానార్థమున, అనఁగా నుత్కంఠతోఁ దలఁచుట యను నర్థమున, ఘటాదులలోఁ జదువఁబడి మిత్తగుటచే 'స్మరయతి' యని హ్రస్వరూపమును, చింతామాత్రార్థమున 'స్మారయతి' యని దీర్ఘరూపమును బొందును. హీబ్రూలో నట్టి భేదము లేదు. ప్రియజనమును దలఁపించుటకును బాపమును దలఁపించుటకును నొక్కటే రూపము. యోసేపు పానదాయకుని వేఁడిన రెండవ క్రియ యిదే. రెండేండ్ల పిమ్మట పానదాయకుఁ డాడిన క్రియయు నిదే. యోసేపును దలఁపింపుమనఁగాఁ దలఁపింపనివాఁడు నేఁడు తన తప్పులను దలఁపించుచున్నాఁడు. గ్రంథకర్త యీ మాటను బ్రయత్నపూర్వకముగనే దాఁచియుంచి యిచ్చటఁ బ్రయోగించెనని తలంచుట యతిశయము గాదు.

భాషాంతరకర్తలు దీని నెట్లు నడపిరో చూతము. క్రీ. పూ. మూఁడవ శతాబ్దిలో నలెగ్జాండ్రియా నగరమున నారంభమైన గ్రీకు భాషాంతరము ప్రేరణార్థము గల క్రియనే యుంచినది; కాని బహువచనమగు 'తప్పులు' అను పదము నేకవచనము గావించినది. క్రీ. శ. నాలుగవ శతాబ్ది చివరను జెరోము చేసిన లాటిను భాషాంతరమున నొక వింత జరిగినది. జెరోము హీబ్రూ క్రియనొక్కటిని రెండుగాఁ జీల్చెను. పానదాయకుఁడు జ్ఞప్తి తెచ్చుకొనెనని కథకుని మాటగాఁ జెప్పి, వాని నోట మాత్రము 'ఒప్పుకొనుచున్నాను' అను క్రియను బెట్టెను. స్మరణ మొక యెడ, అంగీకార మొక యెడ నయ్యెను. 1611లో వెలసిన ఆంగ్ల భాషాంతరము ప్రేరణార్థమును విడిచి కేవలము 'తలఁచుచున్నాను' అనియే చెప్పినది. మన తెలుఁగు బైబిలు 'జ్ఞాపకము' అను పదముతో 'చేసికొను' అను క్రియను గూర్చినది. కొనుధాతువునకు మన వ్యాకరణమున నాత్మార్థము ప్రసిద్ధము గదా! 'జ్ఞాపకము చేయు' అనిన నితరుల కెఱుకపఱచుట. 'జ్ఞాపకము చేసికొను' అనినఁ దన మనసునఁ దానే తలఁచుట. హీబ్రూ పదము మొదటిది. తెలుఁగు భాషాంతరము రెండవది. ఒక్క 'కొను' చేరుటచేఁ బరులయెదుటి మాట యాత్మగతమైపోయినది. భాషాంతరకర్తలను దూషింపను. ఆ సందర్భమున దలఁపించుట యనినఁ దెలుఁగువానికిఁ గర్త వేఱొకఁడు కావలసియుండును. వారి చిక్కు నాకుఁ దెలియును.

కాని కర్మపదమున మన తెలుఁగు గెలిచినదని చెప్పవచ్చును. పానదాయకుఁ డాడిన 'తప్పు' అను మాటకు హీబ్రూలో మూలధాతువు గుఱిని గాని దారిని గాని తప్పుట యను నర్థమును గలది. న్యాయాధిపతుల గ్రంథమున 20వ యధ్యాయమునందు బెన్యామీను గోత్రమునకుఁ జెందిన యేడు వందల మంది యెడమచేతివాటపు వీరులు వడిసెలతో ఱాయి విసరిన వెండ్రుకవాసియైనఁ దప్పదని చెప్పుచోట నీ ధాతువే యున్నది. గుఱి తప్పు, దారి తప్పు అను క్రియనుండియే మనకుఁ దప్పు, తప్పిదము అను నామములు కలిగినవి. వేఱు కుటుంబములకుఁ జెందిన రెండు భాష లొక్క రూపకమును గని యట్లే దాఁచికొనుట వింత గదా!

'మజ్కీర్' అను మాట హీబ్రూలో సామాన్యపదము గాదు. దానికి రాజసభాసంబంధమును న్యాయసంబంధమును గలవు. దావీదు రాజు కొలువులో నధికారుల పట్టిక చెప్పుచోట నొక యుద్యోగికి 'మజ్కీర్' అను బిరుదు గలదు. రాజునకుఁ గార్యములను జ్ఞాపకము చేయువాఁడు, లేఖనాధికారి యనవచ్చును. నేఁటి హీబ్రూలోఁ గార్యదర్శికి నీ పదమే వాడుదురు. మఱియు దోషపదముతోఁ గూడినపు డీ క్రియ యభియోగమునకుఁ బేరగుచున్నది. సంఖ్యాకాండము అయిదవ యధ్యాయమున భర్త యనుమానించిన భార్యచేఁ బట్టింపఁబడు పిండినైవేద్యమునకు దోషమును దలఁపించు నైవేద్యమని పేరు. సారెపతు విధవరాలు తన కుమారుఁడు మృతుఁడైనపుడు, నా దోషమును దలఁపింపవచ్చితివా యని ఏలీయా ప్రవక్తమీఁద మండిపడినది. ఆమె భయము గమనింపఁదగినది. దైవజ్ఞుఁ డింటిలోనికి వచ్చినందున దేవుని దృష్టి తన యింటిమీఁదఁ బడినదనియు, మఱుఁగుపడియున్న పాప మిపుడు విచారణకు వచ్చినదనియు నామె తలంపు. అనఁగా దోషమును దలఁపించువాఁడు వాది. పానదాయకుఁడు తన కాపదవిని దానే తీసికొనెను. తానే వాది, తానే ప్రతివాది.

ఇచ్చట వైయాకరణుని ప్రశ్న యొకటి పుట్టుచున్నది. ణిజంతమునఁ బ్రయోజకకర్త యొకఁడు, ప్రయోజ్యకర్త యొకఁడు నుండవలెను. స్మారయతి యనిన నెవరిచే స్మరింపఁజేయుచున్నాఁడు? భట్టోజి దీక్షితులు సిద్ధాంతకౌముదిలో బుద్ధ్యర్థకమను మాటకు జ్ఞానసామాన్యమే యర్థమని చెప్పి, స్మరత్యాదుల విషయమున బ్రయోజ్యకర్తకుఁ గర్మత్వము రాదని తృతీయనే నిలిపెను. ఈ హీబ్రూ వాక్యమున నా తృతీయకు సరియగు పదము లేదు. యోసేపు కోరినపుడు 'ఫరోకు' అని స్పష్టముగ నున్నది. పానదాయకుఁడు చెప్పునపుడు కర్మ గలదు, కాలము గలదు, ప్రయోజ్యకర్త లేఁడు. సభలో ఫరోతోఁ జెప్పుచున్నాఁడు గాన ఫరోయే యనవచ్చును. ఫరోకా? తనకా? తనచే విస్మృతుఁడై చెఱలో మ్రగ్గుచున్నవానికా? ఈ లోపము పూరింపఁబడక యట్లేయుండుటలో రుచి యున్నది.

తప్పులని బహువచన మేల? రాజునెడఁ జేసిన పాత తప్పొకటి, యోసేపును మఱచిన తప్పొకటి యని రెండు చెప్పికొనవచ్చును. కాని వాని తరువాతి మాటలు చూడుఁడు. తప్పులను దలఁపించుచున్నానని యారంభించినవాఁడు వెంటనే ఫరో తన దాసులమీఁదఁ గోపించెనని చెప్పును. తప్పేమో చెప్పఁడు. రాజు కోపము తప్పునకు బదులుగ నిలిచినది. యోసేపునకిచ్చిన మాటగాని, రెండేండ్ల మఱపుగాని యందు లేదు. యోసేపు నెట్లు వర్ణించెను? హీబ్రూ జాతివాఁడగు పడుచువాఁడు, రాజసంరక్షకసేనాధిపతికి దాసుఁడు. రాషీ యీ మూఁడు విశేషణములను మూఁడు తక్కువచూపులుగా నెన్నెను: పడుచువాఁడనుటచేఁ దెలివిలేనివాఁడని, హీబ్రూవాఁడనుటచే మన భాష యెఱుఁగనివాఁడని, దాసుఁడనుటచే నధికారమున కర్హుఁడు గాఁడని. మేలు చేయుచునే కీడు చేయు నాలుక యిది. నేను వానిని మిక్కిలి నిందింపను. సభలో బ్రతుకవలసినవాఁ డట్లే మాటలాడును. ఐనను వాని యొప్పుకోలు రాజున కవసరమైన నాఁడు, తనకు లాభము గల నాఁడు, నష్టము లేని కొలఁదిగ వచ్చినదని చెప్పక తప్పదు.

ఆ కాలపు రాజసభలలో నిట్టి దోషప్రకటనమునకు స్థానమెట్టిదో చరిత్రమునుండి కొంత తెలియుచున్నది. నేఁటి తుర్కీ దేశమున బొగాజ్‌కోయ్ కడ, హిత్తీయుల రాజధాని హత్తుసా శిథిలములలో, 1906 మొదలుకొని త్రవ్వకములు జరిగినవి. అచ్చట దొరకిన మట్టిపలకలలో క్రీ. పూ. 14వ శతాబ్ది చివరనున్న రెండవ ముర్షిలి రాజు మహామారీశాంతికై దేవతలను బ్రార్థించిన ప్రార్థన లున్నవి. ఇరువదేండ్లుగా దేశమున జనులు చచ్చుచున్నారు. కారణమేమని విచారింపఁగా రాజునకుఁ బాతపలకలు రెండు దొరకినవి. ఒకదాన మాలా నదికి జరుపవలసిన బలులు మానిన సంగతి, రెండవదానఁ దన తండ్రి యైగుప్తుతోఁ జేసికొన్న యొడంబడికను దాఁటి దండెత్తిన సంగతి. తండ్రి పాపము తనమీఁదికి వచ్చినదని రాజు దేవునియెదుట నొప్పుకొనెను. ఒప్పుకొని యొక న్యాయమును జూపెను: సేవకుఁడు తప్పు చేసి యజమానునితో దానిని దానే చెప్పుకొన్నచో యజమానుని మనసు చల్లఁబడును, దండింపఁడు అని. సేవకుఁడు స్వామితోఁ దప్పు చెప్పుకొని కాఁచుకొనుట పశ్చిమాసియా సభలకుఁ గొత్త గాదన్నమాట. పానదాయకుఁడు నడచిన దారి పాతదారియే. యోసేపు కథ యిప్పటి రూపమున ముర్షిలి కాలమునకుఁ దరువాతిదే యని నేఁటి విమర్శకులలోఁ బెక్కండ్రు తలంతురు. ఒకదానినుండి యొకటి పుట్టినదని నేను జెప్పుట లేదు.

ఐగుప్తువారి పరలోకవిధి దీనికి విపరీతము. మృతుల గ్రంథమని ప్రసిద్ధమైన సంపుటమునందలి 125వ యధ్యాయమున మృతుఁడు నలువదిఇద్దఱు దేవతలయెదుట నిలిచి యొక్కొక్క పాపమును బేర్కొని దానిని నేను జేయలేదు, చేయలేదు అని చెప్పును. మఱియొక మంత్రమునఁ దన హృదయమును బ్రార్థించును: తూనికవేళ నాకు విరోధముగ సాక్ష్యము పలుకవలదని. బ్రిటిషు మ్యూజియమునందున్న ఆనీ పత్రమున, త్రాసులో హృదయమును దూఁచు చిత్రము గలదు. తన జ్ఞాపకశక్తి తనకే శత్రువగునని యైగుప్తువాఁ డెఱుఁగును; దాని నోరు మూయింపఁ జూచెను. అట్టి దేశమున, ఫరో కొలువులో, ఒకానొకఁడు లేచి నా తప్పులను దలఁపించుచున్నాననుట యా హీబ్రూ కథకుఁడు కావలెననియే పెట్టినాఁడో, యాదృచ్ఛికమో, పాఠకులే యూహింపఁదగును.

ఇఁక సోదరుల కథ. యోసేపు విక్రయింపఁబడునాఁటికి వానికిఁ బదునేడేండ్లు. ఫరోయెదుట నిలిచినపుడు ముప్పది. పిదప నేడు సమృద్ధివత్సరములు, తరువాత క్షామము. కావున సోదరులు ధాన్యమునకై యైగుప్తు చేరునాఁటికి నిరువది సంవత్సరములకుఁ బైఁబడినది. యోసేపు వారిని గుర్తుపట్టెను. వారు వానిని గుర్తుపట్టలేదు. వేగులవారని నిందించి మూఁడు దినములు కావలిలో నుంచి, ఒకఁడు బందీగా నుండి మిగిలినవారు పోయి కనిష్ఠసోదరుఁడగు బెన్యామీనును దీసికొనిరావలెనని యాజ్ఞాపించెను. అప్పుడు వారు తమలోఁ దాము మాటలాడుకొనిరి. దోషులమే, తమ్ముఁడు బ్రతిమాలుచుండఁగా వాని ప్రాణవ్యథను జూచియు వినమైతిమి, కనుకనే యీ వ్యథ మనమీఁదికి వచ్చినదని వారి మాటల సారము. ఈ వాక్యమునకు మొదట 'అవాల్' అను నవ్యయ మున్నది. సామాన్యముగ 'కాని' యని యర్థము. అరమాయిక్ భాషాంతరకర్త యగు ఓంకెలోసు దీనికి 'నిజముగ' అని యర్థము చెప్పెను. రాషీయు నతని ననుసరించెను. ఇరువదేండ్లు మూసికొనియున్న నోరు తెఱచుకొనునపుడు ముందుగ వచ్చు మాట యెట్టిదో యీ యవ్యయమువలనఁ దెలియుచున్నది.

ఇచ్చటఁ జూడవలసిన దొకటి కలదు. 37వ యధ్యాయమున గోతిలోఁ ద్రోసినపుడు యోసేపు బ్రతిమాలెనని లేదు. వాని యంగీని దీసిరి, గోతిలో వేసిరి, గోతిలో నీరు లేదు, వారు కూర్చుండి భోజనము చేసిరి - ఇంతియే. బాలుని నోట నొక్క మాట లేదు. ఆ మొఱ యిరువదేండ్ల తరువాత, విననివారి నోట, మొదటిసారి మనకు వినఁబడుచున్నది. మోషే బెన్ నహ్మాన్ (1194-1270) అను వ్యాఖ్యాత యిది గమనించి మూఁడు సమాధానములు చెప్పెను: అట్టి స్థితిలో నెవ్వఁడైన బ్రతిమాలుననుట లోకసిద్ధము గనుక చెప్పలేదని యొకటి, సోదరుల దుష్కృత్యమును విస్తరింపనొల్లకయని యొకటి, ఒకచోట సంగ్రహించి మఱియొకచోట విస్తరించుట గ్రంథపద్ధతి యని యొకటి. మూఁడును యుక్తములే. నాకు వేఱొకటి తోఁచుచున్నది. 37వ యధ్యాయమునఁ గథ సోదరుల చెవులతో వినఁబడుచున్నది. వారు వినలేదు, గావున మనమును వినలేదు. జరిగిన సంగతి జరిగిననాఁడు చరిత్రమునకు రాలేదు. చేసినవారు తలఁచిననాఁడే వచ్చినది. శాసనములతోడను గైఫియతులతోడను శ్రమపడు మనవంటివారి కిది యాలోచింపఁదగిన విషయము. గెలిచినవారు వ్రాయించిన వ్రాఁతలో మొఱ యుండదు. దాని నెవ్వఁడో యొప్పుకొనువఱకు మనకు సాక్ష్యము లేదు.

ఆ వాక్యముల చుట్టు 'విను' అను ధాతువు మూఁడుమాఱులు తిరుగుచున్నది. మనము వినలేదని సోదరు లందఱు ననిరి. వెంటనే జ్యేష్ఠుఁడగు రూబేను, చిన్నవానియెడఁ దప్పు చేయవలదని నేను జెప్పలేదా, మీరు వినలేదు అనెను. పదిమంది కలసి యొప్పుకొనునపుడు నేనప్పుడే చెప్పితినను వాఁ డొకఁడుండుట యే దేశముననైనఁ దప్పదు. రూబే నబద్ధమాడలేదు, వాఁడు నిజముగ వారించెను. కాని వాని మాటతో 'మేము' అను పదము చీలి 'మీరు' అయ్యెను. మూఁడవమాఱు కథకుఁడు చెప్పుచున్నాఁడు: నడుమ దుబాసి యుండుటచే యోసేపు వినుచున్నాఁడని వారెఱుఁగరు. నాఁడు మొఱ వినని చెవులవారి మాటను నేఁడు మొఱపెట్టినవాఁడు వినుచున్నాఁడు. యోసేపు వారినుండి తొలఁగిపోయి యేడ్చెను. పానదాయకుని వాక్యమున లోపించిన ప్రయోజ్యకర్త యిచ్చట నున్నాఁడు, మాటలాడువారికిఁ దెలియకుండ.

ఈ తీరున నొప్పుకొనుటకు మన శాస్త్రములందును బేరు గలదు. మనుస్మృతి పదునొకండవ యధ్యాయమునఁ బాపవిమోచనసాధనములను జెప్పునపుడు ఖ్యాపనము, అనుతాపము మొదలగునవి యెన్నఁబడినవి. ఖ్యాపన పదమును ణిజంతమే, ఖ్యాధాతువునకుఁ బుగాగమము. పాపమును బ్రకటించుటకు రెండు భాషలును బ్రేరణార్థకమునే యెన్నుకొనినవి. కాని మనుస్మృతిలోఁ దెలియఁజేయుట, హీబ్రూలోఁ దలఁపించుట. తెలియనివారికిఁ దెలియఁజేయవచ్చును. తలఁపించుట కెదుటివానికది మునుపే తెలిసియుండవలెను. రామాయణమున దశరథుఁడు, రాముఁ డడవి కేఁగిన యాఱవ రాత్రి, యౌవనమున శబ్దవేధిబాణముచే మునికుమారునిఁ జంపిన సంగతి కౌసల్యకుఁ జెప్పెను. అది ఖ్యాపనము: కౌసల్య దాని నెఱుఁగదు. చెప్పిన రాత్రియే రాజు మరణించెను. సోదరుల మాట స్మారణము: యోసేపునకుఁ దెలియనిది యందొక్కటియు లేదు, ఒక్కటి తప్ప, వారికిఁ గూడ జ్ఞప్తి యున్నదని.

తరువాతిది యూదా వంతు. యూదా యను పేరునకు మూలమైన ధాతువు హిఫీల్ గణమున స్తుతించుట, కృతజ్ఞత చెప్పుట యని యర్థమిచ్చును. తల్లి లేయా యా యర్థముననే పేరు పెట్టెను. అదే ధాతువు వేఱొక గణమునఁ బాపమును జెప్పుకొనుట యని యర్థమిచ్చును; లేవీయకాండమున బలివిధులందు దోషి చెప్పుకొనవలసిన యొప్పుకోలుకు నదే మాట. యూదు లను జాతినామమును నీ పేరునుండియే వచ్చినది. యోసేపును జంపుటవలన లాభమేమి, అమ్ముద మని మొదటఁ బలికినవాఁ డితఁడే. అటుపిమ్మటఁ దండ్రికి నెత్తురుపూసిన యంగీని బంపి గుర్తింపుమని సోదరు లడిగిరి. తరువాతి యధ్యాయమున యూదా కోడలు తామారు వాని ముద్రయుంగరమును దారమును గఱ్ఱను బంపి, గుర్తింపుమని యదే క్రియతో నడిగినది. యూదా గుర్తించి, తనకంటె నామెయే న్యాయవంతురాలని సభలోఁ జెప్పెను. ఈ గ్రంథమున మానవుఁ డొకఁడు బహిరంగముగఁ దన తప్పును స్పష్టముగ నొప్పుకొనుట కిది శ్రేష్ఠమైన యుదాహరణము. 38వ యధ్యాయము యోసేపు కథలోఁ జొప్పింపఁబడిన పరాయి కథ యని విమర్శకు లనినను, ఆ గుర్తింపు దానిని రెండు ప్రక్కలతోడను గుట్టివేసినది.

44వ యధ్యాయమున బెన్యామీను సంచిలో యోసేపు వెండిగిన్నె దొరకెను. వారు దానిని దొంగిలింపలేదు. ఐనను యూదా దేవుఁడు తమ దోషమును గనుఁగొనెనని చెప్పెను. చేయని తప్పునకై నిలిచి చేసిన తప్పు నొప్పుకొనుచున్నాఁడు. ఏ తప్పో చెప్పఁడు. తరువాత దీర్ఘముగ మాటలాడెను. ఆ ప్రసంగమును జాగ్రత్తగఁ జదువవలెను. తప్పిపోయిన సోదరుఁడు చనిపోయెనని చెప్పెను; మృగము చీల్చినదని తండ్రి చెప్పిన మాటను జెప్పెను. అమ్మితిమని చెప్పలేదు. మాటలలో నా పాతకల్ల యట్లే యున్నది. కాని చివరఁ దమ్మునికి మాఱుగఁ దన్ను దాసునిగ నుంచుకొనుమని వేఁడెను. తమ్ముని దాసునిగ నమ్ముటకు మొదట నోరు తెఱచినవాఁడు, రాహేలు రెండవ కుమారునికై తాను దాసుఁడగుటకు సిద్ధపడెను. మోషే బెన్ మైమోన్ (1138-1204) తన ధర్మసంగ్రహమునఁ బశ్చాత్తాపమునకు నోటి యొప్పుకోలు విధి యని చెప్పి, పూర్ణపశ్చాత్తాపమునకు వేఱు లక్షణము చెప్పెను: అదే తప్పు చేయుటకు నదే యవకాశము మరల వచ్చి, శక్తియుండియుఁ జేయకుండుట. యూదాకు వచ్చిన యవకాశ మట్టిదే. పానదాయకుఁడు తప్పులని నోట ననెను, నడవడి మార్చుకొనలేదు. యూదా నడవడి మార్చుకొనెను, నోట సగమే చెప్పెను.

మిగిలిన సగ మెవ్వరు చెప్పిరి? యోసేపు సేవకులను వెలుపలికిఁ బంపి, నేను మీరైగుప్తునకమ్మిన మీ సోదరుఁడనగు యోసేపునని చెప్పెను. వారెన్నఁడును బలుకని క్రియ యది. చేసినవారు పలుకలేని దానిని బడినవాఁడు పలికెను. వా రుత్తరమీయలేకపోయిరి.

మఱి యోసేపునకు జ్ఞప్తి యెట్టిది? ఐగుప్తున జ్యేష్ఠపుత్రుఁడు జన్మించినపుడు వానికి మనష్షే యని పేరు పెట్టెను. తన ప్రయాసమును దండ్రి యింటినంతటిని దేవుఁడు మఱపించెనని దాని యర్థము. ఇదియుఁ బ్రేరణార్థకమే. మఱచితిని అనక మఱపించెననుటలోఁ దన కర్తృత్వము లేదని చెప్పుట యున్నది. మఱచినదానిని బుత్రుని పేరుగా దినదినమును బిలుచువాఁడు దాని నెట్లు మఱచినట్లు? సోదరులు మొదటిసారి యెదుట వంగినపుడు యోసేపు 'తలఁచెను' అని గ్రంథకర్త చెప్పుచున్నాఁడు. జాఖర్ అను సామాన్యక్రియ. కర్మ యేమి? తాను గన్న కలలు. గోయి యని చెప్పలేదు, అమ్మకమని చెప్పలేదు.

కథ చివర 50వ యధ్యాయమునఁ దండ్రి యాకోబు మృతుఁడైన పిమ్మట సోదరులకు మరల భయము పుట్టెను. యోసేపు పగఁబట్టి తమ కీడునకుఁ బ్రతికీడు చేయునేమో యని యొక సందేశము పంపిరి: సోదరుల యపరాధమును దప్పును మన్నింపుమని తండ్రి చనిపోకముందు సెలవిచ్చెనని. ఇప్పుడు మాత్రమే వారు దోషపదములను యోసేపునకుఁ దెలియునట్లుగాఁ బలికిరి. అదియుఁ దండ్రి నోటి మాటగ. తండ్రి యట్లు చెప్పినట్లు గ్రంథమున నెచ్చటను లేదు. తల్మూదులో యెబామోత్ ప్రకరణమున శాంతికొఱకు మాట మార్చుట చెల్లుననుటకు నీ వచనమునే యుదాహరించిరి. అనఁగా నాకాలపు పండితులకు నీ సందేశము కల్పితమనియే తోఁచినది. దోషమును గల్పించికొనలేదు, దోషము నిజము. దానిని మన్నింపుమన్న తండ్రి యాజ్ఞయే కల్పితము. భయముతోఁ గూడిన స్మరణమునందుఁ గల్లయు సత్యము నొక్క వాక్యమున నిమిడి యుండఁగలవు.

ఆ మాటలు విని యోసేపు ఏడ్చెను. సోదరులు వచ్చి మేము నీ దాసులమని సాఁగిలపడిరి. భయపడకుఁడనియు, నేను దేవుని స్థానమున నున్నానా యనియు, మీరు కీడు తలఁచితిరి గాని దేవుఁడు దానిని మేలునకుఁ దలఁచెననియు యోసేపు చెప్పెను. వారిని వారి పిల్లలను బోషింతునని యాదరించెను. క్షమించితిని అను క్రియ మాత్రము యోసేపు నోట నెచ్చటను లేదు.